చల్లగా అంటే ఎంత

ఆ ఎండాకాలం మా షెడ్డుకొచ్చిన ప్రతివాడిదీ ఒకటే ఏడుపు. "ఏసీ వస్తోందండీ, కానీ చల్లగా రావట్లేదు."

ఎందుకొస్తుందయ్యా మహానుభావా? పొద్దుటినుంచీ కారుని ఎండలో పడేసి, నాలుగద్దాలూ బిగించి, లోపలంతా బట్టీలా కాగాక వచ్చి కూర్చుని, మీట నొక్కిన మరుక్షణం మంచు కురవాలంటే కురుస్తుందా? ముందు అద్దాలు దించి ఆ వేడిగాలిని బయటికి పోనివ్వాలని చిన్నపిల్లలకి కూడా తెలుసు. వీళ్ళకి తెలీదు. ఒకాయన కారులో గాలి వడగట్టే ఫిల్టరు బయటికి లాగితే ఎండుటాకులు, వెంట్రుకలు, ఏవో పురుగు రెక్కలు. "ఇందులో ఫిల్టరు కూడా ఉంటుందా?" అని నోరెళ్ళబెట్టాడు. కొన్నాక ఒక్కసారైనా మార్పించి ఉంటేగా తెలియడానికి! ఇంకొకావిడ వేడీ చల్లనా మార్చే మరని సగం ఎరుపు వైపు తిప్పి పెట్టుకుని, మా షెడ్డంత దిక్కుమాలిన షెడ్డు లేదని నన్ను నిలబెట్టి తిట్టింది. నేను లోపలికి వంగి మరని నీలం వైపు తిప్పాను.

"మీరు మెకానిక్కా?" అంది, నన్ను కిందికీ పైకీ చూస్తూ.

"కాదమ్మా, రంగులు తెలిసిన మనిషిని" అన్నాను. మళ్ళీ రాలేదు. పీడా పోయింది.

నేను మెకానిక్‌ని కాను. మెకానిక్ మా ఆయన. నా పనల్లా కారు తాళాలు పుచ్చుకోవడం, ఫోనెత్తడం, వచ్చినవాళ్ళని బల్ల మీద కూర్చోబెట్టి వాళ్ళ సోదంతా వినడం. షెడ్డు వెనకే ఇల్లు. వంటింటి తలుపు తీస్తే షెడ్డు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా కూరల్లో గ్రీజు వాసన, ఆయన గ్రీజులో పోపు వాసన.

మా ఆయన పనిచేసే తీరే వేరు. బానెట్ ఎత్తి, ఇంజను ఆన్ చేయించి, కళ్ళు మూసుకుని, లోపలున్న రెండు పైపుల మీద రెండు చేతులు పెడతాడు. సన్న పైపు వేడెక్కాలి, లావు పైపు చల్లబడి చెమట పట్టాలి. అదీ ఆయన శాస్త్రం. సన్నది సరిగ్గా కాగట్లేదంటే గ్యాస్ తక్కువున్నట్టు. గ్యాస్ పెడుతూ పెడుతూ, చేతికి ఎక్కడ చాలనిపిస్తే అక్కడ ఆపేస్తాడు. చివరికి కారు లోపల గాలొచ్చే చోట అరచెయ్యి అడ్డం పెట్టి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" కోసం జనం మిగతా షెడ్లన్నీ దాటుకుని మా దగ్గరికొచ్చేవాళ్ళు. హస్తవాసి అనేవాళ్ళు, అదేదో పెద్ద వైద్యుణ్ణి అన్నట్టు. ఈయన పొంగిపోయేవాడు. ఒత్తిడి చూసే మీటర్లు మాకూ ఉన్నాయి, మేకుకి వేలాడుతూ ఉంటాయి. వాటిలో సాలీడు కాపురం పెట్టింది. "మీటరు చూసి గ్యాస్ పెట్టడమూ, పుస్తకం చూసి ఈత కొట్టడమూ ఒకటే" అనేవాడు. అని, ఎవరు నవ్వారా అని అందరి మొహాలూ చూసేవాడు. నేను మాత్రం నవ్వేదాన్ని కాదు. ఒకటే మాట ఎన్నేళ్ళని వినను?

ఇక మా మరిది. విజిటింగు కార్డులు అచ్చేయించుకున్న రోజునుంచీ నేను వాణ్ణి ప్రొప్రైటరనే పిలుస్తున్నాను. అన్నదమ్ములిద్దరి షెడ్డే అది, కాదనను. కానీ ఒకడి చేతికి మసి, ఇంకొకడి చేతికి ఫోను. వీడి చొక్కా నలగదు, బూటుకి దుమ్మంటదు. వచ్చిన ప్రతివాడితోనూ "మనం చూసుకుంటాం సార్" అంటాడు. ఆ మనం అంటే మా ఆయనన్నమాట.

ఎండలు ముదిరాక, చేసి పంపిన బండ్లు ఒకటొకటిగా వెనక్కి రావడం మొదలెట్టాయి. అంతకుముందు అలా ఎప్పుడూ లేదు. వచ్చినవాళ్ళలో అందరికంటే పెద్ద నోరు లాయరు గారిది. వెనక సీట్లో నల్లకోటు హేంగరుకి తగిలించుకుని, ముందు సీట్లో తను ఉడికిపోతూ దిగాడు.

"మీ దగ్గరికి రాకముందు కాస్తయినా చల్లగా ఉండేది. మీరు బాగుచేశాక పూర్తిగా పోయింది. దీన్నేమంటారు?" అన్నాడు. కోర్టులో అడిగినట్టే అడిగాడు, జవాబు చెప్పడానికి సందివ్వకుండా.

మా ఆయన రెండు పైపులూ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. "గ్యాస్ తగ్గిందండీ" అన్నాడు.

"మొన్ననేగా పెట్టారు?"

"ఎక్కడో సన్నగా లీకుండి ఉంటుంది. చూస్తాను" అని సబ్బునీళ్ళు పూసి చూశాడు. బుడగ రాలేదు. మళ్ళీ గ్యాస్ పెట్టాడు. గాలికి చెయ్యి అడ్డం పెట్టి "ఊఁ" అన్నాడు. లాయరు కూడా తన చెయ్యి పెట్టి చూసి, ఈ "ఊఁ" విన్నాక తన చేతినే నమ్మలేక వెళ్ళిపోయాడు. చదువుకున్నవాళ్ళంతా ఇంతే. ఎదుటివాడు గట్టిగా ఊఁ కొడితే వాళ్ళ ఒళ్ళు వాళ్ళకే అబద్ధం అనిపిస్తుంది.

నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు. ఈలోగా ఇంకో ముగ్గురు నలుగురు. మా ప్రొప్రైటరు బల్ల దగ్గర నిలబడి తలో కారణం చెప్పి పంపేవాడు. ఒకడితో ఈసారి వచ్చిన గ్యాస్ నకిలీదన్నాడు. ఒకడితో ఎండలు మరీ ఎక్కువున్నాయి సార్ అన్నాడు. ఇంకొకడితో మీరు బండి నడిపే తీరు మార్చాలి సార్ అన్నాడు. వాడు నిజంగానే మార్చుకుంటానని బుర్రూపి వెళ్ళాడు. ఇలాంటి దద్దమ్మలు ఉండబట్టే ప్రొప్రైటర్లు బతుకుతున్నారు.

ఇంట్లో ఈయన సంగతి ఇంకా విడ్డూరంగా ఉండేది. పొయ్యి మీంచి దించి పోసిన టీ గ్లాసు, నేను గుడ్డతో పట్టుకుని తెచ్చినదాన్ని, వట్టి చేత్తో పుచ్చుకునేవాడు. కాలదా అంటే "ఇదేం వేడి" అనేవాడు. గొప్ప! ఒక సాయంత్రం షెడ్డులోంచి ఇంట్లోకి ఒకే చెప్పుతో వచ్చాడు. రెండోది కార్ల మధ్య ఎక్కడో ఊడిపోయింది, ఈయనకి తెలీదు. నేను ఆ పూటంతా నవ్వాను. ఇంకో రోజు నాకు నడుం పట్టేసిందని చెబితే, జాలిపడి స్నానానికి వేడినీళ్ళలో చన్నీళ్ళు కలిపి పెట్టాడు. చెయ్యి ముంచి చూసి "సరిగ్గా ఉన్నాయి పో" అన్నాడు. చెంబుడు ఒంటి మీద పోసుకున్నానో లేదో, భుజం మీద తోలు ఊడొచ్చినంత పనైంది.

"చంపేద్దామనా నన్ను? కళ్ళు నెత్తికెక్కాయా?" అని తలుపు వెనకనుంచే అరిచాను.

"గోరువెచ్చగానే ఉన్నాయే" అన్నాడు బయటినుంచి. బింకంగా కాదు. నిజంగానే అర్థం కానట్టు అన్నాడు. అప్పుడు ఆ గొంతు పట్టించుకునే ఓపిక నాకెక్కడిది, మంట తగ్గించుకోవడానికే సరిపోయింది.

ఆ వారంలోనే ప్రొప్రైటరు వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగాడు. వాడు మంచినీళ్ళు అడిగాడంటే ఏదో మూట విప్పబోతున్నాడని అర్థం.

"వదినా, అన్నయ్య చాలా కష్టపడ్డాడు. ఇంక గేటు దగ్గర ఒక మంచి కుర్చీ వేద్దాం. పెద్దమనిషిలా కూర్చుంటాడు, వచ్చినవాళ్ళని పలకరిస్తాడు. లోపల పని మెషీన్ మీద నేను చూసుకుంటా. గ్యాస్ తూకం వేసి పెట్టే మెషీన్. ఏ బండికి ఎంత పెట్టాలో బానెట్ కింద చీటీ మీదే ఉంటుంది. అంతే పెడుతుంది, గ్రాము ఎక్కువ కాదు, తక్కువ కాదు."

"నువ్వు చూసుకుంటావా? ఆ చొక్కాతోనా?"

"నేర్చుకున్నా వదినా."

"గేటు దగ్గర కూర్చోడానికి ఆయనేమైనా దిష్టిబొమ్మా? నీకు షెడ్డు కావాలంటే షెడ్డు కావాలని చెప్పు. పెద్దమనిషి, పలకరింపు అంటూ ఈ పూతలెందుకు?"

వాడు నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు. మాటలు పడ్డాక మారు మాట్లాడకుండా పోవడం వాడికి అలవాటే. దానికి వాడు పెట్టుకున్న పేరు సంస్కారం.

సాయంత్రం ఈయనకి చెప్పాను. ఆ మాటకి ఆయన మొహం నల్లబడిపోయింది. "పని చెయ్యకపోతే నేనెవర్ని? కుర్చీలో కూర్చుని ఏం చెయ్యను, ఈగలు తోలుకోనా? వాడితో చెప్పు, నా చేతుల్లో ఊపిరున్నంతకాలం పైపు ఇంకొకడు పట్టుకోడని" అన్నాడు. ఆ ఎండాకాలం తేలవలసిన సంగతి ఇదొక్కటే. ఈయన పనివాడుగా ఉంటాడా, గేటు దగ్గర బొమ్మగా ఉంటాడా. నేను ఈయన పక్షమే. ప్రొప్రైటరు ఏ పక్షమైతే నేను దానికి ఎదురు, అంతకంటే ఆలోచన అక్కర్లేదనుకున్నాను.

లాయరు మూడోసారి వచ్చాడు. ఈసారి కోటు కూడా వెనక వేలాడుతూ వాడిపోయి ఉంది. బానెట్ ఎత్తారు. ఇంజను ఆన్ చేసి ఉంది, ఏసీ నడుస్తోంది. లాయరు పక్కనే నిలబడి వినియోగదారుడి హక్కుల మీద ఉపన్యాసం మొదలెట్టాడు. మా ఆయన సన్న పైపు కుడి గుప్పిట్లో పట్టుకుని వింటున్నాడు.

"ఇంకా వేడెక్కలేదు. గ్యాస్ తక్కువే ఉంది. ఇంకొంచెం పెడితే సరిపోతుంది" అన్నాడు.

నేను మంచినీళ్ళ సీసా పట్టుకుని వెళ్ళాను, లాయరు నోటికి కాస్త పని తగ్గుతుందేమోనని. సీసా అందించడానికి అటువైపు వంగితే నా చెయ్యి ఆయన గుప్పిటికి జానెడు అవతల అదే పైపుకి తగిలింది. చురుక్కుమంది. చెయ్యి లాక్కున్నాను. వేళ్ళు నోట్లో పెట్టుకున్నాను.

ఆయన గుప్పిట అలాగే ఉంది. ఆ పైపు మీదే. లాయరుకి తాపీగా నచ్చజెబుతున్నాడు.

"ఏమండీ, చెయ్యి తియ్యండి" అన్నాను.

"ఎందుకు?"

"నీళ్ళు తాగుదురు గాని."

చెయ్యి తీశాడు. అరచేతి మీద అడ్డంగా ఎర్రటి చార, మధ్యలో నీటిపొక్కు లేస్తోంది. దాన్ని చూసుకున్నాడు, ఎవరో దారినపోయేవాడు తన చేతిలో పెట్టి పోయిన వస్తువుని చూసినట్టు. తర్వాత ఆ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని, ఎడమచేత్తో సీసా పుచ్చుకున్నాడు.

"లాయరు గారూ, మీ బండిలో గ్యాస్ తక్కువ కాదు, ఎక్కువైంది. వదిలేసి వెళ్ళండి, సరిచేసి పంపుతాం" అన్నాను.

"మీకేం తెలుసమ్మా?"

"మీ బుర్రలో లేనిదంతా తెలుసు, వెళ్ళి ఆటో ఎక్కండి" అన్నాను. ఎక్కాడు కూడా.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు ఆ చేతికి మందు రాసి గుడ్డ కట్టాను. ముడి బిగించినా ఈయన అబ్బా అనలేదు.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"నా దగ్గర నాటకాలొద్దు."

చాలాసేపు అన్నం కెలికాడు. "చలికాలంలో మొదలైంది. చన్నీళ్ళు చల్లగా అనిపించలేదు. చలి తక్కువేమో అనుకున్నా. తర్వాత పాదాలకీ ఏం తెలిసేది కాదు. చేతులు... వస్తాయిలే అనుకున్నా" అన్నాడు.

"మరి ఆ ఊఁలు?"

"అలవాటు" అన్నాడు.

నాకు ఎంత కోపమొచ్చిందంటే, కంచం ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది. సన్న పైపు వేడీ, లావు పైపు చల్లదనమూ చేతికి తెలీవు కాబట్టి గ్యాస్ చాలలేదనుకుని పోస్తూ పోయాడు. పోసేకొద్దీ బండి చల్లబడటం మానేసింది. మానేసేకొద్దీ ఇంకా పోశాడు. జనం చెమటలు కక్కుతుంటే ఊఁ అన్నాడు. పరువట! ముసలి కాలానికి మగాళ్ళకి మిగిలేది ఆ దిక్కుమాలిన పరువొక్కటే, దాన్ని పట్టుకుని ఊళ్ళో వాళ్ళందర్నీ ఉడకబెట్టాడు. నన్ను కూడా.

డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. డాక్టరు ఈయన్ని కళ్ళు మూసుకోమని, సన్న దారంలాంటిదేదో తీసి వేళ్ళ మీద, అరికాళ్ళ మీద అక్కడక్కడా నొక్కుతూ "తెలుస్తోందా?" అని అడిగాడు. మా ఆయన "ఆఁ" అన్నాడు. "ఇప్పుడు?" "ఆఁ." డాక్టరు దారం బల్ల మీద పెట్టేసి, ఉత్తినే కూర్చుని "ఇప్పుడు?" అన్నాడు. "ఆఁ" అన్నాడు మా ఆయన, కళ్ళు గట్టిగా మూసుకుని. డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడకున్న కేలండరు వైపు చూశాను.

షుగరు. ఎన్నేళ్ళనుంచో ఉంది, ఈయన మందులు బుద్ధిపుట్టినప్పుడు మింగాడు. నరాలు పోయాయి. ఇకమీదట జాగ్రత్తగా ఉంటే ఇంకా పోకుండా ఉంటాయి, పోయినవి తిరిగిరావడం మాత్రం కష్టమన్నాడు డాక్టరు. "వేడి వస్తువులు ముట్టుకోకండి" అని సలహా కూడా ఇచ్చాడు. ఏం సలహా! మెకానిక్‌ని పట్టుకుని వేడి వస్తువులు ముట్టుకోవద్దట.

తిరిగొచ్చి ప్రొప్రైటరుని నిలబెట్టి చెప్పాను. వాడు ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు వదినా. చలికాలంలోనే చూశా. వెల్డింగు చేసిన ముక్క వట్టి చేత్తో ఎత్తాడు."

"తెలిసి నోరు మూసుకున్నావా?"

"అన్నయ్య మొహం మీద ఎలా చెప్పను? బాధపడతాడని... అందుకేగా కుర్చీ అన్నా."

"గ్యాస్ నకిలీ అన్నావు. ఎండలు ఎక్కువన్నావు. ఎవడో వెర్రివాడికి బండి నడపడం రాదన్నావు. ఒక్క మాట అన్నయ్యా నీ చెయ్యి చూపించుకో అనడానికి మాత్రం నీకు నోరు పెగల్లేదు. చెయ్యి కాలినా ఫరవాలేదు గానీ నీ మర్యాదకి మచ్చ పడకూడదు. ఒరే, నువ్వు షెడ్డు కాజేద్దామనుకున్నావని నేను ఇన్నాళ్ళూ నిన్ను తిట్టుకున్నా. కాజేసేవాడైతే కనీసం ధైర్యమైనా ఉండేది" అన్నాను.

వాడు మంచినీళ్ళు కూడా అడగలేదు.

మెషీన్ వచ్చింది. పాత గ్యాసంతా లాగేసి, చీటీ మీద రాసినంత తూకం వేసి పెట్టింది. నిజం చెప్పుకోవాలి, బండ్లు చల్లబడ్డాయి. వెనక్కి రావడం తగ్గింది. ప్రొప్రైటరు చొక్కా చేతులు మడిచి బటన్లు నొక్కేవాడు. మెషీన్ కూత పెట్టగానే "ఓకే సార్" అనేవాడు. వాడికి నచ్చే యంత్రమే అది, ఎవరి మొహం మీదా ఏమీ చెప్పక్కర్లేదు.

కుర్చీ కూడా వచ్చింది. మా ఆయన ఒక్క మాట అనకుండా వెళ్ళి గేటు దగ్గర కూర్చున్నాడు. అదే నాకు భరించడం కష్టమైంది. తిట్టుకుంటాడు, అలుగుతాడు, ఆ కుర్చీని ఎత్తి రోడ్డు మీద పారేస్తాడు అనుకున్నా. ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు "బాగున్నారా?" అని అడిగి, జవాబు వినకుండా లోపలికి పోయేవాళ్ళు. మొన్నటిదాకా హస్తవాసి అంటూ ఈయన వెంట పడ్డ జనమే. తెగిన చెప్పు పారేసిన చోటుని ఎవరూ తిరిగి చూడరు కదా, అలాగ. అన్నం తగ్గించేశాడు. నాతో తగువు కూడా మానేశాడు. ఏమైనా అంటే "సరే" అనేవాడు. ఆ సరేలు వింటుంటే నాకు ఏడుపొచ్చేది. దొడ్లోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి ఇంకో నాలుగు తిట్లు తిట్టేదాన్ని.

ఎండలు దిగబోయే ముందు లాయరు మళ్ళీ ఊడిపడ్డాడు.

"నడుస్తుంటే చల్లగానే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగానా, వేడిగాలి. ఇదేం వైద్యం?"

ప్రొప్రైటరు మెషీన్ తగిలించాడు. అది కూత పెట్టింది. "గ్యాస్ కరెక్టుగా ఉంది సార్. ఓకే చూపిస్తోంది."

"మీ మెషీన్‌కి ఓకే అయితే నేను మెషీన్‌లో కూర్చుని కోర్టుకెళ్ళనా?" అన్నాడు లాయరు. ఆ మనిషి నోట్లోంచి వచ్చిన ఒకే ఒక్క తెలివైన మాట అది.

మా ఆయన ఎప్పుడు లేచాడో, బానెట్ దగ్గర నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ పైపుల దాకా వెళ్ళి, గాల్లోనే ఆగిపోయాయి. పొక్కు మానిన మచ్చ కనిపిస్తోంది. అందరం చూస్తున్నాం. అప్పుడు తల తిప్పి, నా వైపు చూసి "ఇట్రా" అన్నాడు.

"నేనా?"

"లావు పైపు పట్టుకో."

"నాది అంట్లు తోమే చెయ్యి. నాకేం తెలుస్తుంది?"

"పట్టుకోవే."

పట్టుకున్నాను.

"చల్లగా ఉందా?"

"ఏదో ఉంది."

"ఏదో కాదు. ఎంత?"

"ఎంతంటే ఏం చెప్పను? అంకెలేసి చెప్పనా?" అన్నాను విసుగ్గా. తర్వాత నోటికొచ్చింది అన్నాను. "పాలు తోడు పెడతామే, అంత."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "అంత వెచ్చగానా? ఉండకూడదే. సన్న పైపు? జాగ్రత్త, ఊరికే తాకి తీసెయ్యి."

"అమ్మో! పొయ్యి మీది గిన్నె."

"గిన్నెలో నీళ్ళు మరిగేటప్పుడా, కాగేటప్పుడా?"

"మరిగేటప్పుడు."

"వేడి బయటికి పోవట్లేదు" అన్నాడు. ఒక కాగితం తీసి నా చేతికిచ్చాడు. "రేడియేటరు ముందు జాలీ ఉందిగా, దానికి ఆనించి వదిలెయ్యి."

వదిలేశాను. కాగితం జారి కింద పడింది.

"ఫ్యాన్ తిరుగుతోందిగా అన్నయ్యా, కనిపిస్తోంది" అన్నాడు ప్రొప్రైటరు.

"తిరుగుతోంది. లాగట్లేదు. లాగితే కాగితం అంటుకుని ఉండేది" అని నా వైపు తిరిగి, "చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ జాలీ మీద మెల్లగా పొయ్యి. పోస్తూ లావు పైపు పట్టుకో" అన్నాడు.

ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో పైపు. లాయరు బూట్ల మీద నీళ్ళు పడ్డాయి, పడనీ.

"ఇప్పుడు?"

"వెచ్చదనం పోయింది... కుళాయి నీళ్ళంత."

"ఇప్పుడు?"

"కుండలో నీళ్ళంత... ఇంకా దిగుతోంది. అదిగో, చెమట పడుతోంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా ఉంది. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయండీ!"

ఆయన ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఆ చల్లదనమంతా నా నోట్లోంచి విని తాగుతున్నట్టు నిలబడ్డాడు. ఎన్నాళ్ళకో మళ్ళీ "ఊఁ" అన్నాడు. "ఫ్యాన్ మోటారు నీరసించింది. మార్చెయ్యండి. నడుస్తున్నప్పుడు ఎదురుగాలి కొడుతుంది కాబట్టి సరిపోతోంది, ఆగితే లేదు. అంతే రోగం."

మార్చారు. లాయరు లోపల కూర్చుని, ఇంజను ఆన్ చేసి, కదలని కారులో గాలి మొహానికి కొట్టించుకుని, పసిపిల్లాడిలా నవ్వుతూ దిగాడు. "చూశారా? మెషీన్లూ గిషీన్లూ ఎందుకండీ! మీ హస్తవాసి అలాంటిది" అని మా ఆయన కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని ఊపాడు.

ప్రొప్రైటరు గబగబా ముందుకొచ్చాడు. "అవును సార్, అన్నయ్య చెయ్యే వేరు." అబద్ధాన్ని కూడా ఇస్త్రీ చేసి మరీ అందిస్తాడు.

మా ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. లాయరు చేతుల్లో దాన్ని అలాగే వదిలేసి, దానివైపే చూస్తూ "ఇది పోయిందండీ" అన్నాడు.

"ఏమిటి?"

"ఈ చెయ్యి. మీరు పట్టుకున్నారని కళ్ళతో చూస్తున్నా కాబట్టి తెలుస్తోంది, లేకపోతే తెలీదు. మీ బండిని అన్నిసార్లు పాడుచేసింది ఇదే. ఇవాళ బాగుచేసింది ఆవిడది."

 ప్రొప్రైటరు మోగని ఫోను తీసి చూసుకున్నాడు. లాయరు ఆ చెయ్యిని మెల్లగా వదిలి, మొహమంతా జాలి పులుముకుని నా వైపు తిరిగాడు. ఆ మనిషి నా మీద జాలిపడటమా!

"జాలెందుకండీ, ఏసీ బాగానే ఉందిగా. ఎక్కండి. తలుపు తీసి నిలబడ్డారు, చల్లగాలంతా వీధిలోకి పోతోంది" అన్నాను.

కారు వెళ్ళిపోయింది. చెంబు తీసుకుని ఇంట్లోకి బయల్దేరాను.

"ఎక్కడికి? ఆ తెల్ల బండి ఉంది, చూడాలి" అన్నాడు మా ఆయన.

"పొయ్యి మీద అన్నం ఉంది."

"అన్నం తర్వాత" అని, వెనకనుంచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. గాజు వెళ్ళి ఎముకకి నొక్కుకుంది, ప్రాణం జివ్వుమంది. ఎంత గట్టిగా పట్టుకున్నాడో ఆయనకి తెలీదు. నాకు నోరుంది, ఆ నోటికి జీవితంలో ఎన్నడూ తాళం పడలేదు. ఆ తెల్ల బండి దాకా ఒక్క మాట అనకుండా నడిచాను.